నాన్న "ఒక్క సూది ఇచ్చి పంపియ్యుండ్రి" అంటున్నారు: మార్ఫిన్, వెంటిలేటర్, కారుణ్య మరణం గురించి ఒక పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) వైద్యుడి సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ నాన్నగారికి డెబ్బై దాటాయి. పాంక్రియాస్‌లో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక కీమో వల్ల ప్రయోజనం లేదని డాక్టర్లు ఇంటికి పంపించారు. కరీంనగర్ దగ్గరి ఊళ్లో, సొంత ఇంట్లో ఉన్నారు. రాత్రిళ్లు నొప్పికి తాళలేక "ఒక్క సూది ఇచ్చి నన్ను పంపియ్యుండ్రి" అంటున్నారు. అమెరికాలోని ఓరెగన్‌లో ఉన్న మీ అన్నయ్య, అక్కడి చట్టం ఇలాంటివారికి దారి చూపిస్తుందని, మన దేశంలో ఎందుకు లేదని అడుగుతున్నారు. మీ చిన్నాన్న మాత్రం, హైదరాబాద్ తీసుకెళ్లి ఐసీయూలో చేర్చకపోతే మీ చేతులతో మీరే చంపుకున్నట్టని అంటున్నారు. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మొదలుపెడితే ప్రాణం తొందరగా పోతుందేమోనన్న భయం మీది. వీటిలో ఏది నేరం, ఏది తప్పు, ఏది చేయవచ్చు అని అడిగారు.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది మీరు అనుకున్నంత చిక్కు కాదు. ప్రాణం తీయాలన్న ఉద్దేశంతో ఇంజెక్షన్ ఇవ్వడం భారతదేశంలో నేరం. రోగి చేతులు జోడించి అడిగినా, కుటుంబమంతా ఒప్పుకున్నా, ఇచ్చినవారు వైద్యులైనా నేరమే. మందు తెచ్చి చేతికిచ్చి, ఆయనే మింగేలా చేసినా ఆత్మహత్యకు ప్రేరేపణ కింద, అంటే పాత శిక్షాస్మృతిలో 306వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 108వ సెక్షన్ కింద, కేసు అవుతుంది. కాబట్టి ఓరెగన్ దారి మన దగ్గర లేదు. కానీ ఐసీయూ వద్దనడం, వెంటిలేటర్ వద్దనడం, ఇక పని చేయని చికిత్సను ఆపమనడం నేరాలు కావు. అవి మీ నాన్నగారికి రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ఉన్న హక్కు అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న చెప్పింది. నొప్పి తగ్గడానికి సరైన మోతాదులో మార్ఫిన్ ఇవ్వడం అసలు ఈ చర్చలోకే రాదు. అది వైద్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "చంపెయ్యండి" అని రోగి అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు చట్టం గురించి, పాపపుణ్యాల గురించి వాదించుకుంటారు. ఏం బాధ కలిగి ఆ మాట వచ్చిందని ఆయన్ను అడిగేవాళ్లు తక్కువ. నా అనుభవంలో ఆ మాట వెనక చాలాసార్లు మూడు నాలుగు బాధలు కలిసి ఉంటాయి. తగ్గించగలిగిన నొప్పి ఒకటి. రాత్రి నిద్ర లేకపోవడం మరొకటి. మలమూత్రాలకు కోడలి మీదో కూతురి మీదో ఆధారపడవలసి వచ్చిందన్న సిగ్గు ఉంటుంది. నా వల్ల పొలం అమ్ముతున్నారన్న బెంగ ఉంటుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్‌ను (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రాన్ని) స్థాపించిన సిసిలీ సాండర్స్ బోధించింది ఇదే: చివరి దశలోని నొప్పి శరీరానికి మాత్రమే సంబంధించింది కాదు, మనసు, కుటుంబం, డబ్బు, భక్తివిశ్వాసాలు అన్నీ అందులో కలిసి ఉంటాయి, వాటిలో ఒకదాన్ని వదిలేసి మరొకదానికి మందివ్వలేం. మీ నాన్నగారి మాట పగటిపూట కూడా వస్తోందా, నొప్పి తగ్గిన గంటల్లో కూడా వస్తోందా అన్నది గమనించండి. రాత్రి మాత్రమే వస్తే, ఆయన అడుగుతున్నది చాలావరకు చావు కాదు, నిద్ర.

పాంక్రియాస్ క్యాన్సర్ నొప్పి క్రూరమైనది. పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది, వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. పారాసెటమాల్, ట్రమడాల్ దీనికి చాలా రోజులు నిలబడవు. నోటితో మింగే మార్ఫిన్ మాత్ర దీనికి మొదటి వరుస మందు. పనిచేసే తీరు చూస్తే భయం సగం పోతుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చిందా లేదా అని చూడకుండా గడియారం ప్రకారం ఇస్తారు. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇవ్వడానికి అదనపు మోతాదు ముందే రాసి ఉంచుతారు. అది సాధారణంగా రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు. రెండు మూడు రోజులు చూసి పెంచుతారు. మొదటి రోజుల్లో మగతగా ఉంటుంది. కొన్నిసార్లు అది మందు మత్తు కూడా కాదు, వారాలుగా లేని నిద్ర ఒక్కసారిగా రావడం. కొందరికి వికారం ఉంటుంది, అదీ తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. అందుకే మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనాల మందు కూడా ఉండాలి, లేకపోతే ఉందా అని డాక్టరును అడగండి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నవారికి మోతాదు, వ్యవధి మారుతాయి. అందుకే ఇంకొకరి ఇంట్లో మిగిలిన మాత్రలు తెచ్చి వాడవద్దు.

నొప్పికి తగ్గ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ పోతే మార్ఫిన్ వల్ల శ్వాస ఆగిపోవడం అరుదు. మరి ఈ భయం ఎందుకు ఇంతగా పాతుకుపోయింది? చివరి రెండు మూడు రోజుల్లో మాత్రమే ఆ మందు రాయడం మన దగ్గర అలవాటుగా మారింది. మూడో రోజు మనిషి పోతాడు. మందు వల్ల పోయాడని ఊరంతా అనుకుంటుంది. అదే మందు మూడు నెలల ముందు మొదలై ఉంటే ఆ మూడు నెలలూ ఆయన మనవళ్లతో కూర్చుని అన్నం తినగలిగేవారని ఎవరూ అనుకోరు, ఎందుకంటే అలా జరగడం వాళ్లు చూడలేదు.

మార్ఫిన్ ఒక్కటే దారి కూడా కాదు. కాలేయం ఉబ్బి దాని పై పొర సాగడం వల్ల వచ్చే నొప్పికి డెక్సామెథసోన్ వంటి స్టిరాయిడ్ బాగా పనిచేస్తుంది. పాంక్రియాస్ వెనకనున్న సీలియాక్ నరాల వలయంలో మందు ఎక్కించి నొప్పిని అడ్డుకునే ప్రక్రియ ఉంది. మనిషి మరీ నీరసించకముందే చేయించాలి. పచ్చకామెర్లు వచ్చి ఒళ్లంతా దురద పెడుతుంటే పైత్యనాళంలో స్టెంట్ వేయడం ఈ దశలో కూడా అర్థవంతమైన చికిత్సే. ఆసుపత్రికి వెళ్లకూడదని నేననడం లేదు. ఎందుకు వెళ్తున్నామో తెలిసి వెళ్లాలంటున్నాను.

మార్ఫిన్ వీధి చివరి మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎంత కఠినంగా ఉండేదంటే, ఒక ఆసుపత్రి ఈ మాత్రలు ఉంచుకోవాలంటే పలు శాఖల లైసెన్సులు వేర్వేరుగా కావాల్సివచ్చేది. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో మార్ఫిన్ తీసే ప్రభుత్వ నల్లమందు కర్మాగారాలు నడిపే దేశంలో క్యాన్సర్ రోగులు కేకలు వేస్తూ చనిపోయారు. ఈ వైరుధ్యం గురించి నేను నెమ్మదిగా మాట్లాడలేను. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్ సహా కొన్నింటిని అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు ఒకే అనుమతి చాలన్నారు. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న "మీ దగ్గర నోటి మార్ఫిన్ ఉందా" అన్నదే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి, "ఆలన" పేరుతో ఇళ్లకు వెళ్లి చూసే బృందాలు కూడా ఉన్నాయి. ముందు మీ జిల్లా కేంద్ర ఆసుపత్రిలో విచారించండి.

చిన్నాన్నగారి మాటకు వస్తాను. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. అన్నను పోగొట్టుకుంటున్న తమ్ముడు ఏదో ఒకటి చేయాలనుకోవడం సహజం, మన సమాజంలో ఆ "ఏదో ఒకటి"కి ఇప్పుడు ఐసీయూ అనే పేరు స్థిరపడింది. కానీ వెంటిలేటర్ ఊపిరితిత్తులకు కొంతకాలం ఆసరా ఇస్తుంది. న్యుమోనియా తగ్గేవరకో, పాము విషం దిగేవరకో నిలబెట్టడానికి అది పుట్టింది. కాలేయమంతా పాకిన క్యాన్సర్‌లో అది ఏ జబ్బు తగ్గేవరకు నిలబెడుతుంది? గొంతులో గొట్టం ఉంటే మాట్లాడలేరు, చేతులు కట్టేస్తారు, రోజుకు ఒకటి రెండుసార్లు పది నిమిషాలు మాత్రమే లోపలికి పంపిస్తారు. ఆ తర్వాత మన రాష్ట్రాల్లో రోజూ జరిగేది జరుగుతుంది. డబ్బు అయిపోయిన రోజున, "వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం" అన్న కాగితం మీద కొడుకు చేత సంతకం పెట్టిస్తారు. అర్ధరాత్రి అంబులెన్స్‌లో, చేత్తో నొక్కే గాలి సంచితో, నొప్పికి ఏ మందూ రాసివ్వకుండా ఇంటికి పంపిస్తారు. అద్దె ఇల్లయితే, చావు తమ ఇంట్లో జరగకూడదని గేటు దగ్గరే అడ్డుకునే యజమానులు కూడా ఉన్నారు. దీన్ని ఎవరూ కారుణ్య మరణం అనరు, దీని మీద టీవీలో చర్చలు జరగవు. చికిత్స ఆపడం మన దగ్గర ప్రతి రాత్రీ జరుగుతూనే ఉంది. అది రోగి ఇష్టం మీద, వైద్యుల బాధ్యతలో, నొప్పి తెలియకుండా జరగవలసింది పోయి, జేబు ఖాళీ అయినప్పుడు జరుగుతోంది.

మీ నాన్నగారు ఇప్పుడు తెలివిలో ఉన్నారు కాబట్టి వద్దని చెప్పే హక్కు నేరుగా ఆయనదే, దానికి ఏ వైద్య బోర్డు అనుమతీ అక్కర్లేదు. మాట పడిపోయాక ఆయన తరఫున ఎవరు చెప్పాలన్న గొడవ రాకుండా లివింగ్ విల్, అంటే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం, రాయించండి. 2018 తీర్పులో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, ఆచరణలో అది ఎవరి వల్లా కాలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. "అనవసర చికిత్స వద్దు" అన్న ఒక్క వాక్యం ఆసుపత్రిలో నిలబడదు. తన తరఫున నిర్ణయం చెప్పవలసిన దగ్గరివారి పేర్లు రాయాలి, ఒకరికంటే ఎక్కువమందిని కూడా రాయవచ్చు. మీ పేరుతో పాటు మీ చిన్నాన్న పేరు కూడా పెట్టించగలిగితే, నా లెక్కలో సగం గొడవ అక్కడే తీరుతుంది. ఒక ప్రతి మీ కుటుంబ వైద్యుడికి, ఒకటి పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నియమించిన అధికారికి ఇవ్వాలి.

ఒకవేళ ఆయన స్పృహ లేని స్థితిలో ఆసుపత్రిలో ఉండి, వెంటిలేటర్ తీయాలా వద్దా అన్న ప్రశ్న వస్తే, అప్పుడు రెండు వైద్య బోర్డులు చూస్తాయి. చికిత్స చేస్తున్న వైద్యుడు, ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు మొదటి బోర్డు. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన వైద్యుడితో పాటు మరో ఇద్దరు రెండో బోర్డు. వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి, అమలు చేసేముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. లివింగ్ విల్ లేకపోయినా కుటుంబం సమ్మతితో ఇదే పద్ధతి వర్తిస్తుంది. చాలా ఆసుపత్రులు రెండో బోర్డు అన్నమాటే వినలేదంటాయి. అందుకే, ఇంట్లో చూసుకోగలిగిన పరిస్థితి ఉంటే, తీయవలసిన గొట్టాన్ని అసలు వేయించకపోవడమే మేలని నేను చెబుతాను.

ఇక మీ అన్నయ్య ప్రశ్న. అది తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. ఓరెగన్‌లో 1997 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు నిర్ధారించిన, స్పృహలో ఉన్న పెద్దవారు మందు రాయించుకుని తమ చేతులతో తామే తీసుకోవచ్చు. వైద్యుడు సూది వేయడానికి అక్కడ కూడా వీల్లేదు. వైద్యుడే సూది వేసే పద్ధతి నెదర్లాండ్స్, బెల్జియం, కెనడా వంటి దేశాల్లో ఉంది. ఓరెగన్ ఏటా ప్రకటించే నివేదికల్లో రోగులు చెప్పిన కారణాలు చూడండి. స్వతంత్రం పోవడం, ఇష్టమైన పనులు చేయలేకపోవడం, గౌరవం తగ్గడం పైన ఉంటాయి. నొప్పి వాటికన్నా చాలా కింద ఉంటుంది. అక్కడ హాస్పిస్ సేవలు అందుతున్నాయి కాబట్టే నొప్పి కిందికి దిగింది. మీ నాన్నగారు అడుగుతున్నది అక్కడివాళ్లు అడుగుతున్నది కాదు. నొప్పికి ఉపశమనం దొరికిన తర్వాత కూడా మిగిలిన బాధ గురించి వాళ్లు అడుగుతున్నారు. ఈయనకు ఆ ఉపశమనమే ఇంకా దొరకలేదు.

మన దగ్గర ఈ ప్రశ్న కొత్తది కాదు. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో మంచానపడిన ఒక యువకుడు, తాను బతికుండగానే అవయవాలు ఇతరులకు ఉపయోగపడేలా తనను వెళ్లనివ్వమని కోరాడు, కన్నతల్లి అతని తరఫున హైకోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో 1973లో దాడికి గురై స్పృహ కోల్పోయిన నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, ఆహారం ఆపడానికి అనుమతి ఇవ్వకుండానే, కొన్ని పరిస్థితుల్లో చికిత్స ఉపసంహరణకు మొదటిసారి తలుపు తెరిచింది. ఆమెను సాకిన నర్సులు ఆపవద్దన్నారు. ఆమె 2015లో న్యుమోనియాతో పోయింది. ఆ తల్లి వైపు నిలబడ్డా, ఆ నర్సుల వైపు నిలబడ్డా, నాకు ఇద్దరిలోనూ ప్రేమే కనిపిస్తుంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి దాచను. ఎంత మంచి పాలియేటివ్ కేర్ ఇచ్చినా బాధ తీరని మనుషులు కొందరు ఉంటారు. అలాంటివారిని నేను చూశాను. అన్ని మందులూ విఫలమైనప్పుడు చివరి రోజుల్లో నిద్రమత్తులో ఉంచే పద్ధతి ఉంది, అది చట్టబద్ధం, కానీ అన్నిటికీ అది సమాధానం కాదు. అందువల్ల వైద్యుడి సాయంతో మరణాన్ని కోరేవాళ్లను పిరికివాళ్లనో పాపులనో అనడం నాకు ఇష్టం లేదు. అయినా ఈరోజు మన దేశంలో ఆ చట్టం తేవడాన్ని నేను వ్యతిరేకిస్తాను. తమిళనాడులోని విరుదునగర్ ప్రాంతంలో మంచానపడ్డ ముసలివాళ్లకు నూనె తలంటి, కొబ్బరినీళ్లు తాగించి చంపే తలైకూత్తల్ ఆచారం గురించి వార్తలు వచ్చాయి. పెద్దవాళ్ల సమ్మతి ఆ ఇళ్లలో ఎలా పుడుతుందో ఆలోచించండి. "నా వల్ల మీకు కష్టం" అని రోజూ అనుకునే మనిషి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించడం ఎంతసేపు? కెనడాలో 2016లో మొదలైన చట్టం పరిధి 2021లో మరణం దగ్గరలో లేనివారికి కూడా విస్తరించింది, 2023 నాటికి అక్కడి మరణాల్లో 4.7 శాతం ఆ మార్గంలో జరిగాయి. వికలాంగుల సంఘాలు, తమకు బతకడానికి కావలసిన సాయం దొరక్కముందే చావడానికి సాయం దొరుకుతోందని అక్కడ వాదిస్తున్నాయి. ప్రజలందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న దేశంలోనే ఆ వాదన వినబడుతుంటే, ఆసుపత్రి బిల్లు కోసం పుస్తెలు తాకట్టు పెట్టే చోట ఏమవుతుంది?

అయితే వ్యతిరేకించేవాళ్లకు ఒక షరతు ఉంది. ప్రపంచంలో పాలియేటివ్ కేర్ అవసరమైనవారిలో 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ప్రాణం పవిత్రమని ప్రసంగించి, జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉందో లేదో ఒక్కసారి కూడా అడగనివాళ్లకు మీ నాన్నగారి మంచం పక్కన నిలబడి నీతి చెప్పే అర్హత లేదు. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు చిన్న క్లినిక్‌తో మొదలుపెట్టిన పని, ఊరి వలంటీర్ల చేతుల మీదుగా కేరళ అంతటా పాకి, 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానంగా మారింది. ఇది మన రాష్ట్రాల్లో కాని పనేమీ కాదు.

మీకు వెంటనే పనికొచ్చేవి మరికొన్ని చెబుతాను. ఆయన తిండి తగ్గిస్తారు. ఆకలితో చంపుతున్నామని బలవంతంగా పెట్టకండి. శరీరం మూసుకుపోతున్నప్పుడు ఆకలి దానంతట అదే పోతుంది, సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం పెంచవచ్చు. నోరు ఎండకుండా తడిగుడ్డతో తుడవడం, పెదవులకు వెన్న రాయడం, తులసి తీర్థం ఒక్కో చుక్క ఇవ్వడం చాలు. చివర్లో గొంతులో గురగుర శబ్దం వస్తుంది, వినేవాళ్లకు భయంగా ఉంటుంది కానీ స్పృహ లేని ఆయనకు దాని బాధ తెలియదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మింగలేని స్థితి వస్తే చర్మం కింద చిన్న సూది ద్వారా ఇంట్లోనే మందు ఇవ్వవచ్చు, నర్సు నేర్పితే మీరే ఇవ్వగలరు. ఇంట్లో సహజ మరణం జరిగితే పోలీసులకు చెప్పవలసిన పని లేదు, కానీ మరణ కారణం రాసే ఫారం 4ఏ మీద సంతకం చేయడానికి దగ్గరలోని ఒక వైద్యుణ్ని ఇప్పుడే ఒప్పించి పెట్టుకోండి.

మీ అన్నయ్యను తర్వాత కాదు, ఇప్పుడే రమ్మనండి. మార్ఫిన్ కుదురుకున్న వారం, పది రోజులు ఆయన తేరుకుని మాట్లాడే రోజులు కావచ్చు. ఈలోగా రెండు రోజులపాటు, నొప్పి ఎన్ని గంటలకు వచ్చింది, నొప్పి పదికి ఎంత ఉందన్నారు, ఏ మందు వేశారు, ఎంతసేపు తగ్గింది, ఎప్పుడు విరేచనం అయింది అన్నవి ఒక నోటుబుక్కులో రాసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. మోతాదు నిర్ణయించడానికి అక్కడి డాక్టరుకు స్కానింగ్ రిపోర్టు కన్నా ఆ పేజీ ఎక్కువ పనికొస్తుంది.